వణకని చెయ్యి

నరసరావుపేటలో ఒక ల్యాబ్‌లో పనిచేసే హెప్సిబా నోటికి జడిసి, రక్తం ఇవ్వడానికొచ్చినవాళ్లు సూది తియ్యకముందే కళ్లు మూసుకుంటారు. "కదిలావంటే మళ్లీ గుచ్చుతా," అంటూ దూదితో మూడుసార్లు తుడుస్తుంది. ఐదేళ్లు తనతో తిరిగిన సుధీర్ బాబు ఇంకొకరిని పెళ్లాడాక, అతను చచ్చిపోయాడని అందరికీ చెప్పింది. పక్క టీకొట్టు మణెమ్మ అతని ఫొటో చూసి ఏడ్చింది కూడా. హెప్సిబా అక్కడుందని తెలియని సుధీర్, నిన్న పొద్దున షుగర్ పరీక్షకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టీ తెచ్చిన మణెమ్మ అతన్ని గుర్తుపట్టి కెవ్వుమంది.

"ఏందమ్మాయ్, చచ్చిపోయాడన్నావుగా!"

"చచ్చాడు పిన్నీ. ఈయనకే ఇంకా తెలీలేదు," అంది హెప్సిబా. సుధీర్ ముఖం పాలిపోయింది. అతను ఎదురైతే చేతులు వణుకుతాయేమోనని ఏడాదిగా ఆమెకు భయం. వణకలేదు. నరం ఒక్కసారికే దొరికింది. అతను వెళ్లాక మణెమ్మతో టీ తాగుతూ, పగలబడి నవ్వింది.