నోట్లోంచి పోని పాట

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఎల్.బి. నగర్ నుంచి వస్తున్న మా సిటీ బస్సు దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రాస్తారోకోలో ఆగిపోయింది. కిటికీ పక్కన కూర్చున్న నేను, నాకు తెలియకుండానే ఒక ఉద్యమ పాటను కూనిరాగం తీస్తున్నాను. మాది గుంటూరు వైపు. అయినా ఇక్కడ మేముండే వీధి చివర దీక్షా శిబిరంలో రోజూ మైకులో వేసే ఆ పాట నన్ను వదలడం లేదు.

పక్క సీట్లో ఉన్న నలభై ఏళ్ల ఆవిడ నావైపు తిరిగింది.

“గీ పాట మీకు గూడ పట్టుకున్నదా?”

“వద్దన్నా నోట్లోంచి పోవడం లేదండీ.”

“పోదమ్మా. నా బిడ్డను పండవెట్టనీకి నేను కట్టిన బాణీ అది. ఒక్కటే ముక్క తిప్పి తిప్పి పాడితెనే పండుకునేది. మా ఆయన దాంట్ల మాటలు మార్చి సభల్ల పాడిండు. సీడీ మీద బాణీ గూడ తనదే అని ఏసుకున్నడు.”

“మీరు అడగలేదా?”

“అడిగిన. ‘ఉద్యమంల నీది, నాది ఏందే’ అన్నడు.”

అంతలో రోడ్డు మీద బైఠాయించినవాళ్లు అదే పాట అందుకున్నారు. బస్సులో కొందరు చప్పట్లు కలిపారు. ఆవిడ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. పెదవులు మాత్రం పాటతోపాటు కదులుతూనే ఉన్నాయి.

“మీ పాప ఇప్పుడేం చదువుతోంది?” అని అడిగాను.

“ఇంటర్. ‘మా నాయిన పాట’ అని దోస్తులందరికి చెప్పుకుంటది. ఒకనాడు, అది నాది బిడ్డా అన్న. నవ్వింది.”