తాలు కనిపించే అద్దాలు

మా ఊళ్ళో నల్లద్దాలు పెట్టుకున్న మనిషి ఎదురైతే బాగున్నావని ఎవరూ అనరు. "కళ్ళకలకా?" అని అడిగి, జవాబు వినకుండానే పక్కకి జరుగుతారు. అందుకే మా ఆయనకి శుక్లాల ఆపరేషన్ చేసిన డాక్టరు, ఎండలోకి వెళ్తే చలవ కళ్ళద్దాలు తప్పనిసరి అన్నప్పుడు, ఈయన డాక్టర్ని ఎగాదిగా చూసి, "జనం కళ్ళకలకనుకుంటారు. పైగా ఈ వయసులో నాకు షోకులేంటండీ?" అన్నారు.

ఇంతలో మిరపకోతలు వచ్చిపడ్డాయి. కల్లంలో ఆరబోసిన కాయల మీద మధ్యాహ్నపు ఎండ పడితే మామూలు కళ్ళే తట్టుకోలేవు. నేను పోరగా పోరగా, చీరాలలో పెళ్ళికెళ్ళినప్పుడు రోడ్డు పక్క బండి మీద గోధుమరంగు అద్దాల జత ఒకటి కొనుక్కొచ్చారు. పెట్టుకుని, అద్దంలో చూసుకుని, మీసం కూడా సవరించుకున్నారు. షోకు వద్దన్న మనిషి!

మర్నాడు అవి పెట్టుకునే కల్లంలోకి దిగారు. ఆడవాళ్ళు కూర్చుని తాలు ఏరుతున్నారు. తాలంటే తెగులుకో వానకో రంగు పోయి తెల్లబడ్డ కాయలు. అవి మంచి కాయల్లో కలిస్తే మిర్చి యార్డులో ఆ సరుకు మొహం చూసేవాడు ఉండడు. ఈయన తాలు గంపలోంచి గుప్పెడు తీసి చూసి, ఒక్కసారిగా గొంతెత్తారు.

"ఏంటమ్మా ఇది? నిగనిగలాడే కాయని తీసుకెళ్ళి తాల్లో పోస్తారా? మీకేమన్నా కళ్ళు కనపడట్లేదా?"

వాళ్ళు తెల్లబోయి చూస్తుండగానే గంప ఎత్తి మంచి కాయల రాశి మీద కుమ్మరించేశారు. నేను "బాబోయ్!" అంటూ పరిగెత్తేసరికి చేత్తో కలియబెట్టేశారు కూడా. ఒళ్ళు మండిపోయి ఆ కళ్ళజోడు లాగేశాను. ఆయన రాశి వైపు చూస్తే, అద్దాల్లోంచి ఎర్రగా నిగనిగలాడినవన్నీ తెల్లటి తాలే. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

అద్దాలు తీస్తే ఎండకి కళ్ళు తెరవలేరు, పెడితే తాలు కనపడదు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "రంగు తెలీనివాడికి మిరప సేద్యం ఎందుకే? పొలం కౌలుకిచ్చేసి ఇంట్లో కూర్చుంటా" అన్నారు. ఆయన గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు. జాలి లేదని కాదు. కానీ ఈ మనిషి పొద్దస్తమానం ఇంట్లోనే ఉండి, నా వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూస్తుంటే నేను బతికి బట్టకట్టేదెట్లా?

పొద్దున్నే గుంటూరు బస్సెక్కించాను. కళ్ళజోళ్ళ షాపు సాయిబు గారు, "ఏ మోడల్ చూపించమంటారండీ?" అని మర్యాదగా అడిగారు. మా ఆయన జేబులోంచి ఒక మంచి కాయ, ఒక తాలు కాయ తీసి గాజు బల్ల మీద పెట్టారు.

"మోడల్ నాకక్కర్లేదండి. ఈ రెంటికీ తేడా తెలియాలి."

సాయిబు గారు ముందు తుమ్మారు. తర్వాత ఓపిగ్గా ఒక్కొక్కటే తీసిచ్చారు. ఆకుపచ్చవి పెడితే మంచి కాయ మాడిపోయినట్టుంది. ఇంకేవో ఎర్రటివి పెడితే తాలు కాస్తా పండుమిరపై కూర్చుంది. జత మార్చడం, వీధిలోకెళ్ళి ఎండలో కాయలు పైకెత్తి చూడడం, తల అడ్డంగా ఊపుతూ లోపలికి రావడం. దారిన పోయేవాళ్ళు దిష్టి తీస్తున్నాడనుకున్నారేమో, చుట్టూ తిరిగి వెళ్ళారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి సాయిబు గారు బూడిదరంగు అద్దాలు తీశారు. "ఇవి వెలుతురు తగ్గిస్తాయి గానీ, రంగు జోలికి పోవండీ." అవి పెట్టుకుని బయటికెళ్ళిన మనిషి ఎంతకీ లోపలికి రాలేదు. వెళ్ళి చూస్తే కాయని అటూ ఇటూ తిప్పుతూ, "తాలే, ఇది తాలే" అని తనలో తాను అనుకుంటున్నారు.

మర్నాడు నేనూ ఏరడానికి కూర్చున్నాను. ఆయన తిన్నగా వచ్చి నా ముందున్న మంచి కాయల్లో చెయ్యి పెట్టి, ఒక కాయ బయటికి లాగారు. తొడిమ దగ్గర రవ్వంత తెల్లబడి ఉంది.

"ఇదేంటే? ఇన్నేళ్ళొచ్చాయి, తాలు ఏరడం చేతకాదు! లే, లేచెళ్ళి అన్నం వండు, ఫో!"

పక్క కల్లాల వాళ్ళు కూడా తిరిగి చూశారు. ఇంకో రోజైతే ఒకటికి నాలుగు అంటించేదాన్ని. ఆ రోజు నోరు మూసుకుని, లోపల్లోపల పొంగిపోతూ లేచాను. తిట్టనీ, మా ఆయనకి కళ్ళొచ్చాయి!