శాంతి కోసం వచ్చిన పిల్లకి కడుపునొప్పి

బి.ఏ. రెండోసారి కూడా తప్పి నేను ఇంట్లో కూర్చున్న ఏడాది, మా ఊరికి శాంతి వచ్చింది. దాన్ని బ్లాకు ఆఫీసు జీపులో తీసుకొచ్చారు. ఒక జర్మన్ కుర్రాడు, ఒక ఫ్రెంచి అమ్మాయి. ఇద్దరిదీ నా వయసే. దేశదేశాల యువతీయువకులు పల్లెల్లో కలిసి బతికి, కలిసి పనిచేస్తే తగాదాలు తగ్గుతాయన్నది ఆ పథకం. కొండల వైపు గొడవలు ముదురుతున్న రోజులు కాబట్టి, ఎక్కడో ఒకచోట శాంతి జరుగుతున్నట్టు ఆఫీసువాళ్ళు కాగితం మీద చూపించాల్సి వచ్చింది. చీపురుపల్లి చుట్టుపక్కల తగాదా ఉండి, జీపు వెళ్ళే దారి కూడా ఉన్న ఊరు మాదే. పరీక్షకి చాలని నా ఇంగ్లీషు దుబాసీ పనికి చాలుతుందని నన్ను పెట్టారు.

మా ఊళ్ళో ఎగువ వీధి, దిగువ వీధి అని రెండు. అందరూ రైతులే, అందరూ చుట్టాలే. మూడేళ్ళ కిందట ఏరువాక నాడు, ముస్తాబు చేసిన ఎడ్లని పొలాలకి తోలే ఇరుకు దారిలో, మా నాన్న ఎడ్లు ముందా, మా అక్క మామగారి ఎడ్లు ముందా అన్న దగ్గర మాట పెరిగింది. ఆ రోజు నుంచి రెండు వీధులకీ మాటల్లేవు. అక్కని మేం అప్ప అంటాం, దాన్నిచ్చింది దిగువ వీధికే. అప్పటికి దానికి మూడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, జరగలేదు. మనవరాలు పుట్టిందని మంత్రసాని వచ్చి చెప్తే మా అమ్మకి తెలిసింది.

మా ఇంటికీ ఆ ఇంటికీ మధ్య ఇరవై గడపలు. పిల్లకి రెండేళ్ళు దాటాయి, మాటలు కూడా వచ్చాయట. అమ్మ దాన్ని ఒక్కసారీ ఎత్తుకోలేదు. పిలవని ఇంటికి వెళ్తే మన పరువు పోతుందని నాన్న, పంపితే తన పరువు పోతుందని అప్ప మామగారు. పరువు మాత్రం రెండు వీధుల్లోనూ క్షేమంగా ఉంది.

తగాదా దేని గురించని ఆ అమ్మాయి మొదటిరోజే అడిగింది. ఎడ్ల వరస గురించని ఇంగ్లీషులో చెప్పడానికి నాకు సిగ్గేసింది. సరిహద్దు తగాదా అన్నాను. ఇద్దరూ బరువుగా తలలూపారు. వాళ్ళ వైపు అది గౌరవమైన తగాదా.

మర్నాడు సభ పెట్టారు. వీళ్ళ నాన్నలు పెద్ద యుద్ధంలో ఎదురెదురుగా పోరాడారనీ, పిల్లలు ఈనాడు ఒకే జీపులో వచ్చారనీ ఆఫీసరు ఉపన్యసించాడు. వాళ్ళిద్దరూ లేచి చేతులు కలిపారు. దిగువ వీధి పెద్దాయన ఒకడు శ్రద్ధగా విని అడిగాడు.

"ఆల్లిద్దరిదీ ఒకే ఊరేటి?"

"కాదు" అన్నాడు ఆఫీసరు.

"ఒకే దారంట ఎడ్లు తోలతారేటి?"

"లేదు."

"మరింకేటి బాబూ. ఆల్లిద్దరికీ పడతాది."

నిజమేనని రెండు వీధులవాళ్ళూ తలలూపారు. మూడేళ్ళలో వాళ్ళు ఒక మాట మీదకి రావడం అదే మొదలు. ఊరు శాంతి వైపు మొగ్గుతోందని ఆఫీసరు రాసుకున్నాడు.

పథకం కింద ఆ ఎడ్ల దారికి అడ్డంగా వానాకాలం నీళ్ళు పోవడానికి ఒక తూము కట్టాలి, రెండు వీధులవాళ్ళూ కలిసి. కలిసే వచ్చారు. ఎగువ వాళ్ళు ఈ గట్టు మీద, దిగువ వాళ్ళు ఆ గట్టు మీద కూర్చుని, మధ్యలో తెల్లవాళ్ళిద్దరూ మట్టి తవ్వుతుంటే చూశారు.

పోటీ అంతా భోజనాల దగ్గర పడింది. కుర్రాడి బస మా వీధిలో, అమ్మాయి బస మా అప్ప అత్తవారింట్లో. ఒక పూట ఇద్దరికీ ఇక్కడ, ఒక పూట అక్కడ. వడ్డించే ముందు ప్రతివాళ్ళూ నన్ను పక్కకి పిలిచి "ఆ ఈదిలో ఏటెట్టారు?" అని అడిగేవారు. గారెలంటే వీళ్ళు గారెలతో పాటు బూరెలు, ఆ మాట తెలిసి వాళ్ళు వాటికి తోడు ఆవపెట్టిన పనసపొట్టు. వద్దంటే ఆ వీధి వంటే నచ్చిందని అర్థం. పాపం, ఆ ఇద్దరూ శాంతి కోసం తిన్నారు. కుర్రాడు తట్టుకున్నాడు. ఆరో రోజుకి అమ్మాయి పడిపోయింది. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. తప్పు ఆ వీధిదేనని రెండు వీధులూ అన్నాయి.

ఆ కబురు నేనే ఇంటికి తెచ్చాను. అమ్మ చోడిపిండి, అదే రాగిపిండి, కలిపి అంబలి కాచింది. మంచి చీర కట్టుకుని, ముంత చేత్తో పట్టుకుని బయల్దేరింది. నాన్న గుమ్మంలో ఉన్నాడు.

"ఎక్కడికే?"

"రోగమొచ్చినోల్లని సూడ్డానికి పిలుపు కావాలేటి?"

నాన్న గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు. పెళ్ళికి పిలవాలి గానీ రోగానికీ చావుకీ పిలవక్కర్లేదు, తగువులున్నా వెళ్ళి తీరాలన్నది మా వైపు ఆచారం. ఈ మూడేళ్ళలో అప్ప ఇంట్లో ఎవరికీ జ్వరమైనా రాలేదు. వాళ్ళది గట్టి వంశం. అమ్మ అందుకు కూడా దిగులుపడిందేమో, నేనడగలేదు. ఆమె వెనక మా వీధి ఆడవాళ్ళంతా కదిలారు.

అప్ప అత్తగారు వాకిట్లో నిలబడి ఉంది. "రా వదినా. ఆ తెల్ల గుంట లోపలున్నాది" అంది, నిన్ననే కలుసుకున్నట్టు.

అమ్మ నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి ఆ అమ్మాయిని లేపి అంబలి తాగించింది. పక్కకి తిరిగి చూడలేదు. మా అప్ప తలుపు పట్టుకుని నిలబడింది, దాని కొంగు చాటున పిల్ల. కాసేపటికి పిల్ల ముంత దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

"ఎవులే ఈవిడ?" అని వాళ్ళమ్మనడిగింది.

"మీ అమ్మమ్మే" అంది అప్ప.

అప్పుడు అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దుబాసీ పని మానేసి.

మూడు రోజులు పూటకొక ముంత అంబలి వెళ్ళింది. నాలుగో రోజు పొద్దున్న ఆ అమ్మాయి తేరుకుని, జుట్టు దువ్వుకుని, బూట్లు తొడుక్కుని పలుగు కోసం వెతుకుతోంది. అమ్మ ఒళ్ళో మనవరాలు గాజులు లెక్కపెడుతోంది. రోగం పోతే అమ్మకి ఆ ఇంటికొచ్చే వీల్లేదు. అమ్మ నాకేసి చూసింది.

"ఒరే, ఇంకో రెండ్రోజులు పడుకోమని సెప్పరా ఆ గుంటకి."

వాళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ నేను ఏ మాటా ఉన్నదున్నట్టు చెప్పలేదు. ఇది మాత్రం చెప్పాను. ఎడ్ల సంగతి కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు. అమ్మనీ, పిల్లనీ, తలుపు దగ్గర అప్పనీ చూసింది. బూట్లు విప్పి మంచం కిందకి తోసి, దుప్పటి లాక్కుని పడుకుంది.

ఆ జబ్బు ఇంకో ఎనిమిది రోజులు, వాళ్ళ జీపు వచ్చేదాకా తగ్గలేదు. ఆఫీసు నివేదికలో ఆ ఎనిమిది రోజులూ వృథా అయ్యాయని రాశారు.