పొదుగు వేడి

డెబ్భైల చివర్లో పలమనేరు దగ్గర ఒక పాల కేంద్రంలో నాది టెంపరరీ ఉద్యోగం. ప్రతి ఒక్కరి పాలలో లాక్టోమీటరు వేసి చూడాలి. పాలు పలచనైతే ఆ గాజు గొట్టం లోతుకు మునుగుతుంది. నీళ్లు కలిపినవాళ్ల పేరు వాకిట్లో నల్లబోర్డు మీద రాయాలి. మూడుసార్లు పేరెక్కితే ఇక వాళ్ల పాలు తీసుకోరు. చేతికి సుద్దముక్క రాగానే నాకు కొమ్ములొచ్చాయి. పేరు రాస్తూ వరసంతా వినేట్టు గట్టిగా చదివేవాణ్ణి.

కేంద్రం పక్కింట్లో ఒంటరి ముసలామె ఒక్క ఆవు మీద బతికేది. మూడు రోజులు వరసగా ఆమె పాలలో గొట్టం మునిగింది. మూడుసార్లూ రాశాను.

"సుక్క నీళ్లు తగల్లేదు సామీ. ఇప్పుడే పిండుకోని వచ్చినా. ముట్టుకోని సూడు" అంది.

"అందరూ చెప్పేదే" అన్నాను. వరసలో నవ్వారు.

లోపలినుంచి మా ఇన్‌ఛార్జి వచ్చాడు. చెంబు ముట్టుకున్నాడు. నీళ్ల తొట్టిలో పెట్టించి, పాలు చల్లారాక మళ్లీ చూశాడు. గొట్టం నిక్షేపంగా పైకి తేలింది. వేడి పాలలో అది ఎప్పుడూ ఎక్కువ మునుగుతుంది. దూరంనుంచి వచ్చే పాలు పలమనేరు చలికి దారిలోనే చల్లారేవి. పది అడుగులు నడిచొచ్చే ఆమె పాలలో పొదుగు వేడి ఇంకా ఉండేది. ఈ సంగతి ఆయన నాకు మొదటి రోజే చెప్పాడు. నేనే మరిచాను.

ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన మాత్రం వరస వైపు తిరిగి, "ఈమె తప్పేం లేదప్పా. మావాడి పని సూసుకోవాల్సింది నేను. తప్పు నాది" అన్నాడు. ఆమె పేరు తుడిచి, అక్కడ తన పేరు రాసుకున్నాడు.

నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. రెండు రోజులు ఆ బోర్డు వైపు చూడకుండా పని చేశాను. మూడోనాడు తెల్లవారే వచ్చి, సిగ్గుతో చచ్చిపోతూ ఆయన పేరు తుడిచి నా పేరు రాశాను.

ఆమెకు చదువు రాదు. వరసలో ముందుకొచ్చి బోర్డు వైపు చూసింది.

"ఈ పొద్దు ఎవురి పేరు సామీ? సదవలేదే?"

నా పేరు వరసంతా వినేట్టే చదివాను.

ఆమె చెంబు నా ముందు పెట్టి, "అయితే ముట్టుకోని సూడు" అంది.

ముట్టుకున్నాను. వేడిగా ఉంది.