ఒహాయోలో మా మామ్మ

మా ఇంట్లో ఆడపిల్ల పుడితే నర్సు అవుతుందని ముందే తేలిపోయి ఉండేది. అలా తేల్చింది దేవుడు కాదు, మా నాన్నకు నాయనమ్మ. ఆవిడను మేమెవ్వరం చూడలేదు. ఫొటో కూడా లేదు. అయినా ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ కథ వినకుండా పోయేవారు కాదు. మెట్ట ప్రాంతంలోని మా పల్లె నుంచి, మిషన్ దొరల కుటుంబంతో ఓడెక్కి అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి వెళ్ళిందట. అక్కడే నర్సింగ్ చదివి పెద్దాసుపత్రిలో పనిచేసిందట. తెల్లవాళ్ళు సైతం ఆవిడ చేతి మందే కావాలని అడిగేవాళ్ళట. చదువు, పని, జబ్బు ఒకదాని మీద ఒకటి వచ్చి తిరిగి రాలేకపోయిందట. మేమంతా ఆవిడను అమెరికా మామ్మ అనేవాళ్ళం.

ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడే రోజుల్లో ఆవిడ కొడుకు, మిషన్ హాస్టల్లో పెరిగిన మా తాత తలెత్తుకు తిరిగింది ఆ కథతోనే. నా తల వంచింది కూడా ఆ కథే. ఇంటర్‌లో బైపీసీ చదివి, డాక్టరు కావాలని కోచింగ్ అడిగాను. అప్పటికే అన్నయ్య ఇంజినీరింగ్ కోచింగ్‌కు విజయవాడ వెళ్ళి ఉన్నాడు.

"నీకెందుకే కోచింగు? మన రక్తంలోనే నర్సింగ్ ఉంది. మామ్మ పేరు నిలబెట్టు" అన్నాడు నాన్న.

నిలబెట్టాను. ఆ పేరుతోనే ఇంగ్లండ్ వచ్చాను. ఇప్పుడు లండన్ పక్కన స్లౌలో ఒక జీపీ సర్జరీలో, అంటే ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్‌లో, నర్సుని. తర్వాత అన్నయ్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వచ్చి లండన్‌లోని వెంబ్లీలో ఇల్లు కొన్నాడు. అమ్మ పోయాక నాన్నను తెచ్చి తన దగ్గరే ఉంచుకున్నాడు. అక్కడ ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారాలు తెలుగు ఆరాధన జరుపుకునే సంఘం ఉంది. అన్నయ్య ఆ సంఘ పెద్దల్లో ఒకడు. కిందటేడు సంఘం వార్షికోత్సవానికి పుస్తకం వేద్దామనుకున్నారు.

"మామ్మ కథ వేద్దాం. ఊరికే కథలా కాకుండా ప్రూఫ్ ఉండాల. నువ్వు హెల్త్‌లో ఉన్నావు కదా, ఆ హాస్పిటల్ రికార్డులు ఏమన్నా దొరుకుతాయేమో చూడు" అని నాకు ఫోన్ చేశాడు. వెతకమన్నది అన్నయ్యే. ఈ మాటను ఆ తర్వాత అతను ఒప్పుకోలేదు.

ముందు మా ఊరి చర్చి పాస్టరు గారిని అడిగాను. ఆయన పాత బాప్తిస్మాల పుస్తకం తీసి, తాత పేరున్న పేజీ ఫొటో పంపారు. తండ్రి పేరు దగ్గర 'లేడు' అని ఉంది. తల్లి స్థానంలో మామ్మకు దొరలు పెట్టిన బైబిల్ పేరు. దాని పక్కన సన్నటి అక్షరాలతో, 'దొరగారితో అమెరికాకు'. అంతకు ముందు ఆమెకున్న పేరు లేదు. దొరగారి పేరు మాత్రం ప్రతి పేజీ అడుగునా సంతకంతో సహా ఉంది. ఆ పేరు పట్టుకునే వెతికాను. ఒహాయోలో ఆయన సొంత ఊరు తెలిసింది. ఆ చుట్టుపక్కల పాత నర్సింగ్ స్కూళ్ళకూ ఆసుపత్రులకూ రాశాను. భారతీయురాలెవరూ చదివినట్టు, పనిచేసినట్టు లేదన్నారు. ఇక మిగిలింది దొరగారి ఊరి చర్చి. వాళ్ళకూ ఒక ఈమెయిల్ పెట్టాను.

జవాబు ఒక పెద్దావిడ నుంచి వచ్చింది. టీచరుగా పనిచేసి రిటైరయి, ఆ చర్చి పాత పుస్తకాలన్నీ తనే చూసుకుంటోంది. అమెరికాలో పాత కుటుంబాల ఆనవాళ్ళు వెతికేవాళ్ళంతా చివరికి ఇలాంటి చర్చిలకే వస్తారనీ, సర్కారు కాగితాల్లో దొరకనివి కూడా పాస్టర్ల పుస్తకాల్లో దొరుకుతాయనీ రాసింది. 'మీరు ఆమె పేరుతో వెతకమన్నారు. ఆ పేరు ఎక్కడా లేదు. మా పుస్తకాల్లో మనుషులను ఇంటి యజమాని పేరు కింద రాస్తారు. దొరగారి పేరు కింద చూశాను. దొరికింది. వీడియోలో మాట్లాడదామా?' అంది.

ఆ శనివారం మధ్యాహ్నం ఆవిడ నాకు కంప్యూటర్‌లో కనిపించింది. తెల్లటి జుట్టు, మెడలో వేలాడే కళ్ళజోడు. ముందే చెప్పింది, "ఇది మీరు ఆశించినట్టు ఉండదమ్మా. నేను చదవనా, మీకు పంపి ఊరుకోనా?"

"చదవండి" అన్నాను.

సభ్యుల పుస్తకంలో దొరగారు, దొరసాని, వాళ్ళ పిల్లలు పూర్తి పేర్లతో ఉన్నారు. కింద చివరి వరసలో 'వారి ఇండియా ఆయా'. అంతే.

తర్వాత స్త్రీల సమాజం మీటింగుల పుస్తకం తెరిచింది. మెల్లగా చదివింది. అందులో ఉన్నది నాకు కంఠస్థం అయిపోయింది. 'ఆయా తన దేశపు చీర కట్టుకుని మన ముందు నిలబడి తన భాషలో ఒక పాట పాడింది. పాట మధ్యలో ఏడ్చింది. సభ్యులంతా ఎంతో చలించారు. టీ తర్వాత సమావేశం ముగిసింది.' ఇంకో నెలలో ఇలా ఉంది. 'తన కొడుకు దగ్గరికి పంపించమని ఆయా మళ్ళీ అడుగుతోందని దొరసాని గారు చెప్పారు. చంటిబిడ్డ కాస్త పెద్దయ్యేవరకు ఆమెను వదులుకోవడం ఎంత కష్టమో సభ్యులంతా అర్థం చేసుకున్నారు. ఆమె బెంగ తీరాలని ప్రార్థన చేశారు.'

చివరిది సమాధుల పుస్తకం. 'దొరగారి ఆయా. ఇండియా. ఊపిరితిత్తుల జబ్బు. ఉత్తరం కంచె పక్కన.' వయసు రాయాల్సిన చోట ఏమీ రాయలేదు.

"సమాధి మీద రాయి ఉందా?" అని అడిగాను.

"లేదు. నిన్న వెళ్ళి చూశాను. గడ్డే ఉంది" అంది ఆవిడ. "నన్ను క్షమించండి" అని కూడా అంది. ఆవిడ తప్పేం లేదు. అయినా ఫర్వాలేదండీ అనడానికి నాకు నోరు రాలేదు. అందరూ అర్థం చేసుకున్నారు. దొరసాని కష్టం అర్థం చేసుకున్నారు, చంటిబిడ్డ కష్టం అర్థం చేసుకున్నారు. కొడుకును మిషన్ హాస్టల్లో వదిలి, పరాయి బిడ్డను ఎత్తుకుని ఆ మంచులో తిరిగిన మనిషి కోసం మాత్రం ప్రార్థన చేశారు.

అన్నయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఇది పుస్తకంలో ఎట్టా వేస్తాం?" అన్నాడు. "ఆయా అనా? పనిమనిషి అనా? ఇక్కడ మన తెలుగోళ్ళు ఇప్పటికే ఇంటిపేరు అడిగి, ఏ ఊరని అడిగి, ఊళ్ళో ఏ వైపని అడుగుతారు. వాళ్ళ చేతికి మనమే ఇద్దామా ఇది?"

"ఆవిడ ఏడ్చింది అన్నయ్యా. పంపించమని అడిగింది."

"ఆ రోజుల్లో ఏడవనోళ్ళు ఎవరు? నాన్నకు మాత్రం చెప్పమాక. తట్టుకోలేడు."

చెప్పకుండా ఉండలేకపోయాను. మరుసటి వారం వెంబ్లీ వెళ్ళినప్పుడు అన్నయ్య సంఘం పని మీద బయటికెళ్ళాడు. నాన్న కిచెన్‌లో బల్ల ముందు కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. ఎదురుగా కూర్చుని నేనూ తుంచుతూ, ఒహాయో ఆవిడ చదివినవన్నీ తెలుగులో చెప్పాను. ఆయన చేతులు ఆగలేదు.

"ఏం పాట పాడిందో రాశారా?" అని అడిగాడు.

"రాయలేదు నాన్నా."

ఇంకో కాయ అందుకుంటూ అన్నాడు, "మీ తాతకు తెలుసే. వాళ్ళమ్మ పోయిందని హాస్టల్లో ఉండగానే చెప్పారంట. అప్పటికి ఆయనకి చిన్న వయసు. అమ్మ చచ్చిపోయిందంటే దిక్కులేనోడివి అంటారు. అమ్మ అమెరికాలో నర్సు అంటే పిల్లలు చుట్టూ చేరతారు. ఎవడో అడిగితే అట్టా చెప్పాడంట. ఇక మళ్ళీ వెనక్కి తీసుకోలేకపోయాడు."

"నీకెప్పుడు చెప్పాడు?"

"పోయేముందు."

నేను లెక్కేసుకున్నాను. తాత పోయేనాటికి నేను పదో తరగతి. అంటే నన్ను నర్సింగ్‌లో చేర్చే నాటికి నాన్నకు తెలుసు. 'మన రక్తంలోనే ఉంది' అన్ననాడు తెలుసు.

"తెలిసీ నాకెందుకు చెప్పావు నాన్నా ఆ మాట?"

ఆయన గిన్నెలోకి చూస్తూ, "ఇద్దరికీ కోచింగ్ కట్టే తాహతు లేదే అప్పుడు. లేదని చెప్పడం కన్నా అది సులువుగా ఉండింది" అన్నాడు.

డబ్బు లేదని చెప్పి ఉంటే నాకు కోపం వచ్చేది, తర్వాత తగ్గేది. ఇన్నేళ్ళు రోగుల చేతులు పట్టుకుని సూది గుచ్చుతూ నా రక్తంలో ఏదో ఉందని నమ్మాను. ఉన్నది ఒక పిల్లాడి బొంకు. ఆ పిల్లాడి మీద నాకు కోపం రాలేదు. ఆ బొంకును దాచి, అవసరం పడినప్పుడు నా మీద వాడినవాళ్ళ మీద వచ్చింది. చిక్కుడుకాయలు అలాగే వదిలేసి లేచి వచ్చేశాను.

వార్షికోత్సవానికి మాత్రం వెళ్ళాను. అన్నయ్య మనసు మార్చుకుని ఉంటాడనుకున్నాను. హాల్లో కుర్చీల మీద పుస్తకాలు పెట్టి ఉన్నాయి. తెరిస్తే మామ్మ కథ పాతదే, నర్సు కథ. పైన నర్సు యూనిఫారంలో ఎవరో భారతీయ స్త్రీ ఫొటో. ఇంటర్‌నెట్‌లో ఎక్కడో తీసుకున్నది. నేను ఇంకా ఆ ముఖం చూస్తుండగానే మైకులో అన్నయ్య గొంతు వినిపించింది.

"ఆ తల్లి అడుగుజాడల్లో నడిచి నర్సయిన మునిమనవరాలు, మా చెల్లెలు, ఇప్పుడు రెండు మాటలు చెబుతుంది."

చప్పట్లు కొట్టారు. పట్టుచీర కట్టుకుని వెళ్ళి వాళ్ళ ముందు నిలబడ్డాను. సాక్ష్యంగా నిలబెట్టడానికే నన్ను పిలిచారని అప్పుడు తెలిసింది. మైకు తీసుకుని, పుస్తకంలో ఉన్నది నిజం కాదని చెప్పాను. స్త్రీల సమాజం వాళ్ళు రాసుకున్న మాటలు, నాకు కంఠస్థం అయినవి, మొత్తం చెప్పాను. ముందు వరసలో ఒక ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ వెనక ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. సమాధుల పుస్తకంలోని 'కంచె పక్కన' అనే మాట దగ్గరికి వచ్చేసరికి కీబోర్డు మోగింది. సంఘం పాస్టరు గారు కళ్ళు మూసుకుని స్తోత్రం ఎత్తుకున్నారు. అందరూ లేచి పాడారు. నా మాట ఎవరికీ వినపడలేదు.

కారు పార్కులో అన్నయ్య నా వెనకాలే వచ్చాడు.

"చల్లగుందా ఇప్పుడు? మా పిల్లలు ఇక్కడ తలెత్తుకోవాల వద్దా?"

"తలెత్తుకోవడానికి ఆవిడ కావాలి. ఆవిడ ఏమైపోయిందో మాత్రం వద్దు. అంతేగా?"

"నువ్వు ఇంక మా ఇంటికి రామాక" అన్నాడు. నేను మళ్ళీ వెళ్ళలేదు.

ఈ వేసవిలో అన్నయ్య ఆఫీసు పని మీద అమెరికా వెళ్ళాడు. అక్కడి నుంచి ఒహాయో కూడా వెళ్ళాడని కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెడితే తెలిసింది. ఉత్తరం కంచె పక్కన నల్లరాయి నిలబెట్టించాడు. దాని మీద మామ్మ బైబిల్ పేరు, కింద ఇంగ్లీషులో 'భారతదేశం నుంచి వచ్చిన నర్సు, సువార్త సేవకురాలు'. రాయి పక్కన కోటు వేసుకుని అన్నయ్య. ఫొటోల కింద బంధువులంతా వందనాల, పూల ఎమోజీలు పెట్టారు. ఆవిడ నర్సు కాదని ఒక్క వాక్యం రాశాను. ఆ సాయంత్రమే నన్ను గ్రూపులోంచి తీసేశారు.

ఒహాయో పెద్దావిడ ఈమెయిల్ పెట్టింది. 'రాయి మీది మాటలు సరికావని చర్చి కమిటీలో చెప్పాను. కుటుంబం కోరిక అదే కదా అన్నారు. మా పుస్తకాల్లో ఉన్నవి అలాగే ఉన్నాయి, ఎవరడిగినా చూపిస్తాను.' ఎవరూ అడగరని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. రాయి వానకు తడుస్తూ అందరికీ కనిపిస్తుంది. పుస్తకం బీరువాలో ఉంటుంది.

నాన్నను ఇప్పుడు బయటే కలుస్తాను. వెంబ్లీ హై రోడ్డులో ఒక టీ కొట్టు ఉంది. అన్నయ్య ఆఫీసులో ఉండే రోజు చూసి ఆయన నడిచి వస్తాడు. మొన్న కలిసినప్పుడు రాయి సంగతి ఆయనే ఎత్తాడు.

"పోనీలేవే, అట్టా ఉండనీ. మా నాన్న కోరుకుంది అదేగా."

"తాత కోరుకుంది రాయి కాదు నాన్నా. వాళ్ళమ్మ తిరిగి రావడం."

ఆయన టీ సగంలో వదిలేసి, వాన పట్టేలా ఉందని లేచాడు. బస్‌స్టాప్ దాకా వెళ్ళి ఎక్కించాను. బస్సు కదిలేటప్పుడు ఆయన చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు.