అత్తగారి ఆకురసం

ఈ రోజు పొద్దున నేను స్టీమర్ మూత తీశాను. తీయలేదని నా భార్యతో చెప్పాను. మొదటిది అలవాటు కొద్దీ చేసిన తప్పు. రెండోది తెలిసే చేశాను.

ఆమెది ఇండోనేషియా. ఆవిరి మీద ఉడికించే కొబ్బరి కేకుల్ని వాళ్లు పుతు ఆయు అంటారు. చిన్న పువ్వు అచ్చుల్లో ఉప్పు కలిపిన కొబ్బరి కోరు అడుగున నొక్కి, పైన గుడ్లు గిలక్కొట్టి కలిపిన పచ్చటి పిండి పోస్తారు. ఆ పచ్చదనం, ఆ వాసన పాండాన్ ఆకువి. కిందటేడు మా అత్తగారు అమెరికాలో, బాతెల్‌లోని మా ఇంట్లో ఆరు నెలలు ఉన్నారు. వెళ్లే ముందు ఆ ఆకులు రుబ్బి, రసం పిండి, ఐస్ ట్రేలో గడ్డకట్టించి పెట్టారు. ఊరు చేరిన రెండు నెలలకే పోయారు. ఆ ముక్కల్ని నా భార్య పొదుపుగా వాడుకుంటూ వచ్చింది. ఈ రోజు మా తెలుగు చర్చిలో వాళ్లమ్మ జ్ఞాపకార్థం ప్రార్థన. మిగిలిన నాలుగు ముక్కలూ కరిగించింది.

"పది నిమిషాలు చూస్తూ ఉండండి చాలు. మూత ముట్టుకోవద్దు," అని చెప్పి స్నానానికి వెళ్లింది. చర్చి ఆంటీల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది.

నేను ఇడ్లీ మనిషిని. మధ్యలో మూత తీసి తడి వేలితో నొక్కి చూడకపోతే నాకు తోచదు. పైగా మూతకు చుట్టిన గుడ్డకు మంట అంటుకుంటుందేమోనని విప్పేశాను. ఆ గుడ్డ ఎందుకో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. మూతకు పట్టిన ఆవిరి నీళ్లై కేకుల మీద టపటపా రాలింది. ఉబ్బినవన్నీ నా కళ్ల ముందే కుంగిపోయాయి. మళ్లీ గుడ్డ కట్టాను, మంట పెంచాను. ఒక్కటీ లేవలేదు.

ఆమె వచ్చి చూసింది. "మూత తీశారా?"

"లేదే. గుడ్లు సరిగ్గా గిలక్కొట్టలేదేమో."

ఆమె నమ్మింది. "ఇంకో ఐదు నిమిషాలు బీట్ చేయాల్సింది," అని గొణుక్కుంటూ, ఖాళీ ఐస్ ట్రే పట్టుకుని నిలబడింది. నిజం చెప్పినా ఆ రసం తిరిగి రాదు. చెప్పకపోతే, అమ్మ ఇచ్చిన చివరి నాలుగు ముక్కలూ తన చేతులతోనే పాడుచేశానన్న బాధ ఆమెకు మిగులుతుంది. అది తెలిసీ నోరు మూసుకుని కారెక్కాను.

ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర ఒక ఆంటీ మా డబ్బాలోకి తొంగిచూసింది. "ఏంటమ్మాయ్, మీ పచ్చ ఇడ్లీలు ఈసారి ఉపవాసం ఉన్నాయా? ఇంత చిక్కిపోయాయి!"

అందరూ నవ్వారు. నా భార్యా నవ్వబోయింది. "నేనే ఎగ్స్ సరిగ్గా బీట్ చేయలేదు ఆంటీ. మా అమ్మ ఇచ్చిన జ్యూస్, అదే లాస్ట్. వేస్ట్ చేశాను."

"ఆమె తప్పేం లేదు ఆంటీ," అన్నాను. "మూత తీసింది నేను. అడిగితే అబద్ధం చెప్పాను."

ఆంటీ నవ్వు ఆపేసింది. "మాకెందుకు చెప్పడం బ్రదర్? ఇంట్లో చెప్పాల్సిన మాట అది."

నా భార్య నా వైపు చూడలేదు. కుంగిన కేకు ఒకటి తీసుకుని, విరిచి, మెల్లగా తింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఒక్కసారే మాట్లాడింది. "ప్రేయర్ మొత్తం గుడ్ల గురించే ఆలోచించాను, ఏవండీ. అమ్మ గురించి కాదు."

క్షమించమన్నాను. ఆ మాట ఎంత చిన్నదో నాకే వినబడింది.

మధ్యాహ్నం ఏషియన్ స్టోర్‌కి వెళ్లి ఫ్రీజర్‌లో ఉన్న పాండాన్ ఆకులు తెచ్చాను. ఎలా చేయాలో ఈసారి ముందే అడిగాను. సోఫాలోంచి లేవకుండానే చెప్పింది. ఆకులు కత్తిరించి, కొద్ది నీళ్లతో రుబ్బి, గుడ్డలో పిండాను. చిక్కటిది అడుగుకు దిగాలంటే రేపటిదాకా కదపకూడదట. గ్లాసు ఫ్రిజ్‌లో పెడుతుంటే వచ్చి వాసన చూసింది.

"అమ్మది ఇంకా డార్క్‌గా ఉండేది."

"తెలుసు," అన్నాను.

సింకు పక్కన అత్తగారి ట్రే ఉంది. గుంటల అంచుల్లో పచ్చటి మరకలు ఎండిపోయి ఉన్నాయి. కడగబోయి ఆగాను. "కడగనా?" అని అడిగాను.

ఆమె ఒక మరకను వేలితో తడిమింది. "వద్దు. రేపు రసం అలాగే ఇందులో పోయండి."

ట్రేని కడగకుండా తీసుకెళ్లి గ్లాసు పక్కన పెట్టాను.