మావయ్య పక్కన ఎవరున్నారు

ప్రతి ఆదివారం సాయంత్రం మా అబ్బాయి స్కూలు బూట్లకి పాలిష్ వేయడానికి నల్ల డబ్బా మూత తిప్పగానే గుప్పుమనే ఆ వాసన, మైనమూ కిరసనాయిలూ కలిపి కాచినట్టుండే ఆ ఘాటు, ఎంత పనిలో ఉన్నా, ఎంత అలసిపోయి ఉన్నా నన్ను లాక్కుపోయి ఇదే చోడవరంలో, ఇక్కడికి రెండు వీధుల అవతల, అప్పట్లో మేమందరం కలిసున్న మా అమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చోబెడుతుంది. మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడైన దానియేలు మావయ్య సైన్యం నుంచి సెలవు మీద వచ్చిన మర్నాడే ఆ అరుగు మీద ఇంట్లో ఉన్న జోళ్ళన్నీ వరసగా పేర్చుకుని, పాత బనీను ముక్క వేలికి చుట్టుకుని, ఊదుతూ రుద్దుతూ కూర్చునేవాడు. మా నాన్న బడికి వేసుకెళ్ళే బూట్లు, నావీ చెల్లివీ స్కూలు బూట్లు, పక్కింటివాళ్ళు మొహమాటపడుతూ తెచ్చిచ్చిన జతలు అన్నీ అయిపోయాక కూడా చెయ్యి ఊరుకోక అమ్మమ్మ హవాయి చెప్పుల పట్టీలకి కూడా రాసేసేవాడు.

"ఒరే, రబ్బరు సెప్పులకి పాలీసేటిరా? సర్చిలో అందరూ నవ్వుతారు."

"నవ్వనీయే. ఆదివారం నీకూ ఇన్‌స్పెక్షనే కదా. పైనున్నాయన సూడ్డేటి?"

మావయ్యకి సెలవు దాదాపు ఎప్పుడూ డిసెంబరులోనే దొరికేది. అందుకని మా చిన్నతనంలో క్రిస్మస్ వేరు, మావయ్య వేరు కాదు. చెరకు నరకడం మొదలై, ట్రాక్టర్ల వెనక పిల్లలు పరిగెత్తి గడలు లాక్కునే రోజులవి. మంచు ఇంకా విడవకముందే అనకాపల్లి నుంచి వచ్చే మొదటి బస్సులో దిగి, తెల్ల పెయింటుతో పేరూ నంబరూ రాసున్న నల్ల ట్రంకు పెట్టెని భుజాన పెట్టుకుని వీధి మలుపు తిరిగేవాడు. పెట్టె మూత తీస్తే కలరా ఉండల వాసన, దాని కింద క్యాంటీను సబ్బుల వాసన, అడుగున ఎక్కడో చల్లటి ఊళ్ళలో కొన్న అక్రోటు కాయలు. వాటిని తలుపు సందులో పెట్టి పగలగొట్టి తలుపు బీటలు వారితే మాతోబాటు అతనూ తిట్లు తినేవాడు. సాయంత్రాలు వెదురు బద్దలు చీరి నక్షత్రం కట్టేవాడు. మైదా జిగురు కాచడం నా పని, కాచిన జిగురు నాకడం చెల్లి పని. లోపల అమ్మమ్మ బెల్లం పాకం చుక్కని పళ్ళెంలో నీళ్ళలో వేసి, వేలితో ఉండ చేసి, కళ్ళు మూసుకుని ఆలోచించి, ఇంకో నిమిషం అనేది. ఆ నిమిషం అయ్యేలోపు ఎవరూ మాట్లాడకూడదు. రెండు చెక్కల మధ్య అరిసెని నొక్కితే కారే నూనె చప్పుడు కూడా నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒకరోజు మాత్రం మమ్మల్ని సైకిలెక్కించుకుని, ముందు కమ్మీ మీద నన్నూ వెనక చెల్లినీ కూర్చోబెట్టుకుని, వడ్డాది వైపు తోటల్లో బెల్లం వండే పాకకి తీసుకెళ్ళేవాడు. మనిషి పడుకోగలిగినంత పెద్ద పెనంలో చెరకు రసం ఉడుకుతూ ఆకుపచ్చ నురగ తేలి, ఆ నురగ తీసేసిన కొద్దీ రంగు మారి, చివరికి ఎర్రగా బుడగలు కక్కుతుంటే, ఆ ఆవిరికే కడుపు నిండిపోయినట్టుండేది. చెరకు ముక్క కొస ముంచి ఇస్తే నాలుక కాలేది, కాలిందని చెప్తే రెండోసారి ఇవ్వరని చెప్పేవాళ్ళం కాదు. సెలవు అయిపోయే ముందురోజు మాడుగుల వెళ్ళి బ్యారక్‌లో వాళ్ళ కోసం హల్వా కొనుక్కొచ్చేవాడు. రాత్రికి అందులో సగం మా పాలయ్యేది.

ఆటలు కూడా సైనికుడి ఆటలే. మావయ్య ఈల వేస్తే ఎక్కడున్నవాళ్ళం అక్కడే బోర్లా పడుకోవాలి, తల ఎత్తకూడదు. పెరట్లో బట్టలు ఆరేసి తిరిగొచ్చే అమ్మమ్మ మా మీద కాలేసి పడబోయి, "ఆడగుంటల్ని మట్టిలో దొర్లిస్తన్నావేటిరా, నీ ఉజ్జోగం ఇంటికి తేకు" అని కసురుకునేది. కసురే కానీ, ఆవిడ భయం వేరు. టీవీలో సరిహద్దు అన్న మాట వినపడితే చేతిలో పని ఆపేసేది. ఒకసారి మావయ్య నవ్వుతూ చెప్పాడు: "యుద్ధమేటే అమ్మా, మాది ఉత్త ప్రాక్టీసే. మేం కొండకేసి పేలుస్తాం. కొండేటి, తిరిగి పేలుస్తాదా?" ఆ మాట అమ్మమ్మకి ఎంత ధైర్యమిచ్చిందంటే, చర్చి మెట్ల మీదా, వడ్డాది సంతలో కూరల దగ్గరా, ఎవరు అడిగినా అడక్కపోయినా "మావోడిది ఉత్త ప్రాక్టీసేనమ్మా" అని చెప్పుకుంటూ తిరిగేది.

నేను ఆరో తరగతిలో ఉండగా, దసరా సెలవులకి ముందు ఒక మధ్యాహ్నం, మా నాన్న బడి నుంచి వేళకాని వేళ వచ్చి, బూట్లు విప్పకుండా నేరుగా వంటింట్లోకి నడిచాడు. ఆయన బూట్లతో గడప దాటడం నేనెన్నడూ చూడలేదు. అమ్మ కూడా మొదట ఆయన కాళ్ళకేసే చూసింది. ఫోను బడికి వచ్చిందట. ఎక్కడో ఉత్తరాదిన ఫిరంగులు కాల్చే మైదానంలో, కొండ మీద పడాల్సిన గుండు ఇవతల పడింది. ఏ గుండు ఎక్కడ పడిందో గొయ్యిలోంచి దుర్భిణితో చూసి చెప్పేవాళ్ళలో మావయ్య ఉన్నాడు.

శవపెట్టె రావడానికి ముందే పెద్ద జంక్షన్‌లో ఫ్లెక్సీ వెలిసింది. సరిహద్దులో వీరమరణం అని రాశారు. నాన్న వెళ్ళి, సరిహద్దులో కాదు బాబూ, ప్రాక్టీసులో జరిగింది, ఆ మాట మార్చండి అంటే, ఆ కుర్రాళ్ళు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే, తలలు గోక్కుంటూ "ప్రాక్టీసని రాస్తే బాగోదు మాస్టారూ" అన్నారు. నాన్న తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

మిలటరీ ట్రక్కు విశాఖపట్నం నుంచి వచ్చేసరికి వీధంతా జనం. జెండా కప్పిన పెట్టెని ఇంటిముందు బల్ల మీద దించారు. మా చర్చిలో ఎవరు పోయినా, మూత వేసేముందు ఇంటివాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి ముఖం చూసుకుంటారు, తల్లి నుదురు ముట్టుకుంటుంది. ఈ పెట్టెకి మూత అప్పటికే బిగించేసి ఉంది. తీయకూడదని, తీసినా చూడలేరని ట్రక్కుతో వచ్చిన సుబేదారు నాన్నకి చెప్పాడు, నాన్న పాస్టరుగారికి చెప్పాడు, పాస్టరుగారు మెత్తగా అమ్మమ్మకి చెప్పారు. అమ్మమ్మ పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. చర్చికి తీసుకెళ్ళడానికి కుర్రాళ్ళు వంగితే చెయ్యి తీయలేదు.

"ఇందులో ఉన్నోడు మావోడే అని నానెలా నమ్మీది? మూత తియ్యండి, ఒక్కపాలి సూస్తాను. కాళ్ళైనా సూస్తాను."

అందరూ ఒకేసారి ఏదో చెప్పబోయారు. ఆవిడ ఎవరి మాటా వినలేదు. పెట్టెతో వచ్చిన సైనికుల్లో ఒకతను, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, చేతికి కట్టు, ఒక చెవిలో దూది, ఒక్కడే ఏడుస్తున్నాడు. అమ్మమ్మ అతన్నే చూస్తోంది. తర్వాత జనంలో నన్ను వెతికింది.

"ఒసే, ఇల్రా. నీకు హిందీ వచ్చు గదా. ఈ పెద్దోల్లందరూ ఒక్కటైపోనారు. నువ్వయితే ఉన్నదున్నట్టు సెప్తావు. ఆ బాబుని అడుగు, లోపలున్నోడు మావోడేనా?"

నాకు వచ్చిన హిందీ ఎంత! రాము బజారుకి వెళ్ళును, సీత పాట పాడును, అంతే. పైగా అతనికి ఆ చెవి వినపడదు, గట్టిగా అరవాలి. వీధి వీధంతా చూస్తుంటే నేను అరిచాను: "యే మేరే మామాజీ హై?"

అతను వంగి నా ముఖంలోకి చూశాడు. పేరు హరీష్ అన్నాడు. కొండల్లో ఊరు అన్నాడు. గబగబా చాలా చెప్పాడు, అందులో మంచం, పొద్దున్న, రోజూ అన్న మాటలు మాత్రం అందాయి. నాకు అర్థం కావడం లేదని గ్రహించి ఆగిపోయి, కాసేపు తడుముకుని, పరాయి యాసలో, కానీ రాగంతో సహా, తెలుగులో అన్నాడు:

"లెగ్‌రా దున్నా, గేదెలు కూడా మొకం కడిగేసుకున్నాయి."

మా ఇంట్లో పిల్లల్ని లేపే తిట్టు అది. అమ్మమ్మ సొంత తిట్టు, ఇంకో ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. నన్నూ చెల్లినీ అలాగే లేపేది, అమ్మనీ మావయ్యనీ అలాగే పెంచింది. దానియేలు రోజూ తన మంచాన్ని తన్ని అలా అనేవాడని, అర్థం ఎన్నడూ చెప్పలేదని, ఇప్పుడు బ్యారక్‌లో అందరూ ఒకరినొకరు అలాగే లేపుకుంటారని హరీష్ చేతులతో చూపిస్తూ చెప్పాడు. జనంలో ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. అమ్మ కూడా నవ్వింది, నవ్వు మధ్యలోనే ఏడుపులోకి తిరిగిపోయింది. అమ్మమ్మ నవ్వలేదు, ఏడవలేదు. పెట్టె మీద చెయ్యి మాత్రం బరువుగా ఆనించి ఉంచినది కాస్తా, నిద్రపోయే పిల్లాడి మీద వేసిన చెయ్యిలా తేలికైంది.

"ఆ యేళ ఆడి పక్కన ఎవులున్నారో అడుగు."

అడిగాను. "మై థా," అన్నాడు హరీష్. నేనున్నాను. తర్వాత కట్టు కట్టిన చేతిని రెండో చేతిలోకి తీసుకుని గట్టిగా పట్టుకుని చూపించాడు. అనువదించాల్సిన పని లేకపోయినా నేను చెప్పాను: "పక్కన ఈయనే ఉన్నారంట అమ్మమ్మా. చెయ్యి పట్టుకున్నారంట."

అమ్మమ్మ చాలాసేపు తల ఊపింది. తర్వాత, ఉన్నట్టుండి, "పేల్చినోడెవడో అడుగు" అంది. అది కూడా ఎలాగో అడిగాను. హరీష్ సుబేదారు వైపు చూసి తల దించుకున్నాడు. అప్పుడు అమ్మమ్మ నోటికొచ్చినట్టు శపించింది, ఆడి సేతులు ఇరిగిపోను, ఆడి కల్లు పోను అని, చర్చిలో ఎన్నడూ వినని మాటలతో. ఆవిడ ఏమంటున్నారని హరీష్ నన్ను అడిగాడు. తిట్లకి నా పుస్తకంలో హిందీ లేదు. "ఖానా ఖాయియే," అన్నాను. భోంచేయమంటోంది. అతను ఆవిడ ముఖంకేసి చూసి, అలాగేనమ్మా అన్నట్టు తల వంచాడు.

"తీసుకెళ్ళండి," అంది అమ్మమ్మ, చెయ్యి తీసేస్తూ.

సమాధుల దొడ్లో సైనికులు తుపాకులు గాల్లోకి పేల్చి వందనం చేశారు. మొదటి మోతకే అమ్మమ్మ నా భుజం పట్టుకుని ఒంగిపోయింది. "ఇంకా పేలుస్తన్నారేటి? సాల్లేదేటి ఈళ్ళకి?" అంది.

ఆ సాయంత్రం హరీష్ మా ఇంట్లో, పక్కింటివాళ్ళు వండి తెచ్చిన పప్పూ అన్నం తిన్నాడు. అమ్మమ్మే వడ్డించింది, అతను చాలన్నా వడ్డించింది. తర్వాత కొన్నేళ్ళు క్రిస్మస్‌కి ఫోను చేసేవాడు, మధ్యలో నేను నిలబడి అటు తిన్నావా, ఇటు తిన్నారా అని చేరవేసేదాన్ని. పేల్చినవాడి సంగతి అమ్మమ్మ మళ్ళీ ఎత్తలేదు. ఉత్త ప్రాక్టీసేనమ్మా అన్న మాట కూడా ఆవిడ నోట మళ్ళీ వినలేదు. ఆ తర్వాత అతని నంబరు పోయింది, అమ్మమ్మ పోయింది, ఇల్లు పడగొట్టి సెల్‌ఫోన్ల దుకాణం కట్టారు. నక్షత్రాలు ఇప్పుడు ప్లాస్టిక్‌వి, ప్లగ్గు పెడితే వెలుగుతాయి. అరిసెలు పొట్లంలో కొంటాం. ఆ వీధిలో నడుస్తుంటే అరుగు ఎక్కడిదాకా ఉండేదో నాకే సరిగ్గా తేలదు.

మిగిలింది అమ్మమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే, అది నాకు వచ్చింది. మా అబ్బాయి స్కూలు వ్యాను కాస్త ఆలస్యమైతే డ్రైవరుకి ఫోను మీద ఫోను చేస్తాను, జ్వరమొస్తే తెల్లవార్లూ నుదురు తడుముతూ కూర్చుంటాను, మా ఆయన విసుక్కుంటాడు, నాకే నా మీద విసుగు. వాడు వ్యాను దిగగానే ఏం చెప్పారు, ఏం తిన్నావు అని అడగడానికి ముందే, ఈ రోజు నీ పక్కన ఎవరు కూర్చున్నారు అని అడుగుతాను. రోజూ అదే అడుగుతావేటమ్మా అని వాడు నవ్వుతాడు. ఎవరిదో ఒక పేరు చెప్తాడు. ఆ పేరు విన్నాకే నేను బ్యాగు అందుకుంటాను.

మొన్న శుక్రవారం సగం పిల్లలు రాలేదట. అడగకముందే వాడు గెంతుతూ దిగాడు.

"అమ్మా, ఈ రోజు నా పక్కన ఎవరూ లేరు. సీటంతా నాదే!"